పెల్లో కౌంటీ మీద జడ్జిగారి అలక

జడ్జి ఆర్విడ్ థోర్న్‌బెర్గ్‌కి పెల్లో కౌంటీ పేరెత్తితే ఒళ్ళు మంట. మా రాష్ట్రంలో పెద్ద కోర్టు జడ్జీలైనా ఓట్లడుక్కుని గెలవాల్సిందే కదా, పదకొండేళ్ళ కిందట ఆయన అన్నిచోట్లా గెలిచి పెల్లోలో మాత్రం చిత్తుగా ఓడాడు. అది చాలదన్నట్టు, ఇళ్ళ ముందు గడ్డిలో పాతిన ఆయన పేరు బోర్డులు పీకి ఎవరో మేకల కొట్టానికి కప్పేశారు. ఇంకేముంది, అప్పట్నుంచీ పెల్లో ఏది కోరినా ఆయన అడ్డం. వంతెన అడిగితే రాలేదు. వద్దు మొర్రో అన్న చెత్తగుంట మాత్రం శుభ్రంగా వచ్చింది.

ఈసారి కష్టం వెర్నా క్విస్ట్‌కి వచ్చిపడింది. సరస్సు గట్టున నలభై ఏళ్ళుగా ఆవిడ నడుపుతున్న ఐస్‌క్రీం కొట్టు పడగొట్టి రాష్ట్ర రోడ్లవాళ్ళు అక్కడ కార్లు నిలుపుతారట. మొగుడు పోయాక ఆవిడకి పొద్దైనా తోడైనా ఆ కొట్టే. ఆవిడ వేసిన దావా పెద్ద కోర్టుదాకా వెళితే, అక్కడ ఆరుగురు జడ్జీలు చెరో పక్కా ముగ్గురయ్యారు. మిగిలింది థోర్న్‌బెర్గ్.

"మనం కావాలన్నది ఆయన వద్దంటాడు. కాబట్టి పడగొట్టమని బతిమాలదాం," అన్నాడు డ్వెయిన్. వెర్నా అక్క కొడుకు, కౌంటీ బోర్డు పెద్ద.

"నా కొట్టు మీదా నీ ప్రయోగాలు, సన్నాసీ?"

"నన్ను నమ్ము పిన్నీ. ఆ మనిషి తుమ్మినా మన మీద కక్షతోనే తుమ్ముతాడు."

కౌంటీ తరఫున అర్జీ వెళ్ళింది. ఆయన్ని ఇంకా రెచ్చగొడదామని డ్వెయిన్ ఇంటింటి ముందూ వెటకారంగా బోర్డు పాతించాడు: 'పెల్లో మీ వెంటే, థోర్న్‌బెర్గ్.' పేపర్లో ఫోటో కూడా పడింది.

నెలకి తీర్పు వచ్చింది. పెల్లో ప్రజల కోరిక మన్నించి కొట్టు పడగొట్టాల్సిందేనట. డ్వెయిన్ పిన్ని మొహం చూడలేక వారం రోజులు ఇంట్లోంచి కదల్లేదు.

కొట్టు ఆఖరి రోజు మధ్యాహ్నం టై కట్టుకున్న పొడుగాటి ముసలాయన వచ్చి వెనిల్లా అడిగాడు. వెర్నా ఇట్టే గుర్తుపట్టింది.

"మీ బోర్డులు పేపర్లో చూశానమ్మా. చెప్తే నవ్వుతారు, ఏడ్చేశాను. అర్జీలో ఏముందో కూడా చదవలేదు. పెల్లో అడిగింది, ఇచ్చేశాను."

ఆ ఐస్‌క్రీం ఆయన నెత్తిన బోర్లిద్దామనిపించింది వెర్నాకి. కానీ ఆయన మూతికంతా పూసుకుని పసివాడిలా తింటున్నాడు.

"అమృతమమ్మా ఇది. వచ్చే శనివారం మనవల్ని తీసుకొస్తా."

"రేపట్నుంచి కొట్టుండదు. పడగొడుతున్నారు."

జడ్జిగారి మొహం ఎర్రబడింది. "ఇంత మంచి కొట్టునా? ఏ దుర్మార్గుడమ్మా ఆ పని చేసింది?"

వెర్నా చేతిలో గుడ్డ పక్కన పెట్టింది.

"మీరేనండీ," అంది.