ఇంకు ఆరేలోపు

ఆదివారం ఉదయం చర్చిలో పూజ అయి ఇంటికి రాగానే, చొక్కా మార్చుకోకముందే, జయపాల్ లైనో ముక్కను బాల్కనీ గోడ మీద ఎండకు పెడతాడు. లైనో అంటే ఒకప్పుడు ఆఫీసుల్లో నేల మీద పరిచిన లినోలియమే. చల్లగా ఉంటే ఉలికి లొంగదు, అంచులు పెళుసుగా రాలిపోతాయి. గుణదల ఎండకు కాసేపట్లో జున్నుముక్కలా మెత్తబడుతుంది. అప్పుడు కిటికీ పక్కన కూర్చుని దాని మీద అచ్చుబొమ్మ చెక్కడం మొదలుపెడతాడు.

అతను నీటిపారుదల శాఖలో ట్రేసర్‌గా చేరినవాడు. కాలవల మ్యాపుల మీద పలచటి కాగితం పరిచి, గీత మీద గీత గీసి గీసి చేతికి ఒక నిదానం పట్టుబడింది. మ్యాపులు కంప్యూటర్లోకి వెళ్లిపోయాక ఆ నిదానం ఈ ఉలుల్లోకి వచ్చింది. తెల్లగా ఉండాల్సిన చోటునే చెక్కేయాలి, మిగిలిన చోటే ఇంకు పడుతుంది. వంపు వచ్చినప్పుడు ఉలిని తిప్పడు, ముక్కనే తిప్పుతాడు. ఉలి పోయే దారిలో ఎడమ చెయ్యి ఎప్పుడూ పెట్టడు. ఇంకు ఎక్కువైతే సన్నగీతలు పూడిపోతాయి, తక్కువైతే అచ్చు మీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు లేస్తాయి. రోలర్ కింద ఇంకు చేసే చప్పుడును బట్టి పాళ్లు సరిపోయాయో లేదో చెప్పేస్తాడు. ప్రెస్సు లేదు. కాగితం పరిచి చెక్క గరిటె వీపుతో మూల నుంచి మూలకు రుద్దుతాడు. సరదాకి పట్టిన పనే అయినా, చూసినవాళ్లు కాసేపు నిలబడకుండా వెళ్లరు.

అతని బొమ్మలు ఇంకు ఆరేదాకా కదులుతాయి. ఆరేసరికి ఎక్కడున్నవి అక్కడ ఆగిపోతాయి. కృష్ణ ఒడ్డు ఉక్కపోతకు నూనె ఇంకు త్వరగా ఆరదు, వానాకాలంలో అయితే వారం దాటుతుంది. చెక్కిన ఒకే లైనో దిమ్మ మీద తీసిన అచ్చులన్నీ ఒకేలా ఉండాలన్నది ఆ పని తెలిసినవాళ్ల నియమం. జయపాల్ దగ్గర ఆ నియమం ఒక్కసారీ నిలబడలేదు. చల్లపల్లి బావమరిదికి వేసిచ్చిన గేదె అటు తిరిగి ఆరిపోయింది. వాళ్ల హాల్లో ఇప్పటికీ తోకే కనిపిస్తుంది.

పైవాటా సుబ్బరత్నం గారికి పుంజు బొమ్మ ఇస్తే రెండో రోజే ఆవిడ కిందికి దిగి వచ్చింది.

"అన్నయ్యగారూ, మా పుంజు పురుగు కోసం తల వంచి అలాగే ఆరిపోయిందండీ. మొహమే కనబడదు."

"ఫ్యాన్ కింద పెట్టొద్దని చెప్పాను కదమ్మా."

"ఫ్యాన్ లేకుండా బెజవాడలో ఎవరుంటారండీ! వదినా, నువ్వైనా చెప్పు ఈయనకి."

మార్త పళ్లతో దారం తెంపుతూ, "పురుగు దొరికిందో లేదో అది చెప్పండి ముందు," అంది.

మార్త జయపాల్ భార్య. జాకెట్లు కుడుతుంది. మెడ గుండ్రం సుద్దతో గీసుకోకుండా కత్తెరతోనే తీస్తుందని పేరు. మంగళగిరి నుంచి కూడా ఆటోలో గుడ్డలు పట్టుకొచ్చేవాళ్లున్నారు. వేసవి చివర్లో ఒకరోజు పొద్దున్నే కాఫీ గ్లాసు జారి పడింది. వంగి తీయబోతే చెయ్యి రాలేదు. పక్షవాతం అన్నారు. ఆసుపత్రిలో ఉండగానే, పడిపోయిన మాట తిరిగొచ్చింది. ఇంటికొచ్చాక కాలూ వచ్చింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. రావాల్సింది మొదటి నెలల్లోనే వస్తుందనీ, ఆ తర్వాత పెద్దగా ఆశ పెట్టుకోవద్దనీ డాక్టరు చెప్పాడు. ఆ నెలలు గడిచిపోతున్నాయి.

వ్యాయామం చేయించడానికి వినీల అనే అమ్మాయి రోజూ పొద్దున్నే స్కూటీ మీద వచ్చేది. మార్త సహకరించేది కాదు.

"ఆ చెయ్యి నాది కాదమ్మా. ఎవరిదో తెచ్చి నా ఒళ్లో పెట్టినట్టుంది."

"మీదే ఆంటీ. కొంచెం అలిగింది, అంతే."

"అలిగితే బతిమాలతాం. ఇది వినిపించుకోదే!"

వినీల వెళ్లాక మార్త కత్తెర వైపు చూసి మొహం తిప్పుకునేది. కుట్టాల్సిన గుడ్డలను ఒక్కొక్కరికీ వాపసు ఇచ్చేయమని ఒక రోజు భర్తతో చెప్పింది. జయపాల్ సరేనన్నాడు గానీ ఇవ్వలేదు. ఆ ఆదివారం ఆమెను మిషను ముందు కూర్చోబెట్టి బొమ్మ గీస్తానన్నాడు.

"ఈ అవతారాన్నా?"

"కాసేపే. కదలకుండా కూర్చో."

మామూలుగా అతను ముందు పలచటి కాగితం మీద గీసి, దాన్ని తిరగేసి లైనో మీదికి దించుతాడు. అచ్చులో ఎడమ కుడి అవుతుంది, కుడి ఎడమ అవుతుంది కాబట్టి. ఆ రోజు ఆమె అలిసిపోతుందేమోనన్న తొందరలో పెన్సిలుతో నేరుగా లైనో మీదే గీసేశాడు. కిటికీ ఆమె వెనక ఉంది. మొహం నీడలో ఉండటంతో దాన్ని దాదాపు నల్లగానే వదిలి, కళ్ల దగ్గర, ముక్కు మీద మాత్రం వెలుతురు చెక్కాడు. చేతులకు సన్నటి గీతలు పెట్టాడు. గరిటెతో రుద్ది కాగితం ఎత్తాక గానీ పొరపాటు తెలియలేదు.

"ఏవండీ, చెయ్యి మారింది," అంది మార్త.

బొమ్మలో ఒళ్లో చచ్చుగా పడి ఉన్నది ఎడమచెయ్యి. గుడ్డ మీద ఉన్నది కుడిచెయ్యి.

"ఉద్యోగమంతా ట్రేసింగే చేశారు. పెళ్లాం చెయ్యి ఎటుందో చూసుకోరా?"

జయపాల్ నుదురు కొట్టుకున్నాడు. చించబోతుంటే మార్త ఆగమంది. బొమ్మలో మార్త కత్తెర అందుకుంది. కుడిచేత్తో అందుకుని, గుడ్డ అంచు సరిచూసుకుని, కోయడం మొదలుపెట్టింది. ఇవతల మార్త రెప్ప వేయకుండా చూస్తోంది. ఆమె ఒళ్లో ఉన్న కుడిచేతి బొటనవేలు ఒక్కసారి అదిరింది.

మర్నాడు వినీల బొమ్మను చూసి బ్యాగు కింద పెట్టింది.

"అద్దం పెట్టి చేయిస్తామంకుల్ ఇలాంటివాళ్లకి. బాగున్న చెయ్యి అద్దంలో కనపడితే, రెండో చెయ్యే కదులుతోందనుకుంటుంది బుర్ర. ఇది అంతకంటే నయం. అద్దంలో మనిషి మనం చేసిందే చేస్తుంది. ఈవిడ తనంతట తను పని చేసుకుంటోంది."

"మరి ఆరిపోతే?"

"ఆరనివ్వకండి."

జయపాల్ ముందుజాగ్రత్తగా అదే దిమ్మతో ఇంకో రెండు అచ్చులు తీశాడు. ఒకదానిలో మార్త మిషను మీద తల పెట్టి నిద్రపోయింది. రెండోదానిలో కిటికీలోంచి ఎవరితోనో కబుర్లు చెబుతూ కూర్చుంది. పని చేసేది మొదటి అచ్చులో మార్త ఒక్కతే.

ఇంకు త్వరగా ఆరడం లేదని ఇన్నేళ్లూ విసుక్కున్న మనిషి, ఆరకుండా చూడటానికి చేయాల్సినవన్నీ చేశాడు. ఫ్యాన్ ఆపేశాడు. బాల్కనీ తలుపులు మూశాడు. మూత బిగుతుగా పట్టే రేకు డబ్బాలో, లవంగ నూనెలో ముంచిన దూది పక్కన, అచ్చును పడుకోబెట్టాడు. ఆ నూనె ఆవిరి తగిలితే ఇంకు చాలాకాలం పచ్చిగా ఉంటుంది. పొద్దున వ్యాయామం వేళకు తీయడం, అవగానే మూత పెట్టడం. ఇల్లంతా లవంగాల వాసన.

"ఎవరికండీ పన్ను నొప్పి?" అంది సుబ్బరత్నం గుమ్మంలోంచే.

"ఎవరికీ లేదు. లోపలికి రండి, తలుపు వేసేయండి," అన్నాడు జయపాల్.

ఇద్దరు మార్తలూ ఎదురెదురుగా కూర్చునేవారు. అవతల మార్త గుడ్డ మడిచేది. ఇవతల మార్త వేళ్లు మడిచేది. బొటనవేలి తర్వాత చూపుడువేలు కదిలింది. ఆ తర్వాత గుప్పెట మూసుకుంది. గుడ్డ అంచు పట్టుకోగలిగింది గానీ ఎత్తలేకపోయింది. కత్తెర బరువు తట్టుకోలేక రెండుసార్లు కాలి పక్కన పడేసుకుంది. అప్పట్నుంచి దాని జోలికి పోలేదు.

డబ్బా ఎంత బిగుతుగా మూసినా తీసిన ప్రతిసారీ గాలి తగులుతుంది. ఇంకు పలచగా ఉన్న చోట ముందు ఆరుతుంది. మిషను చక్రం ఆగింది. కుర్చీ కోళ్లు ఆగాయి. ఆగస్టులో ఒక పొద్దున జయపాల్ మూత తీసి చూస్తే, అవతల మార్త చేతి గాజులు కదలడం లేదు. సన్నగీతలన్నీ చేతుల దగ్గరే ఉన్నాయి, ఇక ఆరేది అవే.

"ఇవాళ ఆఖరు అనుకుంటా," అన్నాడు వినీలతో, గొంతు తగ్గించి.

మార్త విననట్టు కూర్చుంది. బొమ్మలో మార్త జాకెట్ మెడ తీస్తోంది. సగం గుండ్రం వచ్చాక వేళ్లు బిగుసుకున్నాయి. కత్తెర నోరు తెరుచుకోవడం లేదు. బలవంతాన తెరిస్తే పక్కకు జారింది. మళ్లీ పెట్టింది. మళ్లీ జారింది. ఆమె భుజం ఎగరేస్తోంది, పెదవి కొరుక్కుంటోంది, చెయ్యి మాత్రం మాట వినడం లేదు.

ఇవతల మార్త ముందుకు వంగింది.

"అట్లా కాదమ్మా. మణికట్టు వదులు చెయ్యి. ముందు గుడ్డని తిప్పు."

బొమ్మలో మార్త మళ్లీ ప్రయత్నించింది. కత్తెర ఒళ్లో పడిపోయింది.

"అయ్యో, కంగారెందుకు! ఉండు, ఇటు చూడు."

మిషను మీదున్న గుడ్డను మార్త ఎడమచేత్తో దగ్గరికి లాక్కుంది. కుడిచేత్తో కత్తెర తీసుకుంది. వినీల లేవబోతే జయపాల్ ఆమె భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. కత్తెర నోరు తెరుచుకుంది, మూసుకుంది, మళ్లీ తెరుచుకుంది. మార్త ఎడమచేత్తో గుడ్డను కొద్దికొద్దిగా తిప్పుతూ, ఎదుటి మనిషికి అర్థమయ్యేలా నెమ్మదిగా, మెడ గుండ్రం పూర్తిగా తీసింది. అంచు రెండుచోట్ల వంకరపోయింది. తెగిన ముక్క నేల మీద పడింది.

"చూశావా, ఇంతే," అంది తలెత్తి.

అవతల మార్త చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, నీడలో ఉన్న మొహం పైకెత్తి, ఆమె చేతి వైపే చూస్తూ ఆరిపోయి ఉంది.