సగటు తీర్పు

మా కాలేజీలో వ్యాపారం చదివేవాళ్లకు చట్టం నేర్పడానికి ఏటా వసంతంలో ఉత్తుత్తి విచారణ ఒకటి పెడతారు. ఈసారి కేసు గోదాములో చెయ్యి నలిగిన పనివాడిది. చెయ్యి పడకుండా మర మీద బిగించిన కాపు రేకు తీసేసి పనిచేశాడని కంపెనీ వాదన. తియ్యమన్నది మేస్త్రీయేనని అతని వాదన.

తీర్పు చెప్పే జ్యూరీలో ఆరుగురం. నా పక్కన లైల్ హ్రుష్కా. నిరుడు మొక్కజొన్న కోతల్లో అతని అన్న డ్వేన్ చెయ్యి మిల్లు మరలో పోయింది. మిల్లువాళ్లు ఎంతోకొంత ఇచ్చి రాజీ పడతామంటున్నారు. పుచ్చుకోవాలో, కోర్టుకెళ్లాలో శుక్రవారంలోగా చెప్పాలి. డ్వేన్ ఆ సంగతి తమ్ముడికే వదిలేశాడు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాడు లైల్ ఒక్కడే.

"మన నెబ్రాస్కా రాష్ట్రంలో చట్టం ఇది" అన్నారు జడ్జి స్థానంలో కూర్చున్న ప్రొఫెసర్ ఎక్‌హార్ట్. "పనివాడి తప్పు సగమో, అంతకు మించో అని తేలిస్తే అతనికి ఏమీ రాదు. ఆరుగురూ ఒక్క మాట మీదికి రావాలి."

జ్యూరీ గదిలోకి వెళ్లి తలుపు మూశాం.

"రేకు తీసింది వాడేగా?" అన్నాడు బ్రెంట్. వాళ్ల నాన్నది ట్రాక్టర్ల షాపు.

"మీ నాన్న కసిరితే నువ్వు షాపంతా ఊడవ్వూ? ఇదీ అంతే!" అంది షెల్బీ. జ్యూరీకి పెద్ద ఆమే.

అందరం నవ్వాం. లైల్ నవ్వలేదు.

వాదన తెగలేదు. బయట బేస్‌బాల్ ఆట మొదలవబోతోంది.

"వాడి తప్పు నూటికి ఎంతో తలో అంకె రాయండి. సగటు తీస్తాను. ఏదొస్తే అదే తీర్పు. సరేనా?" అంది షెల్బీ.

సరేనన్నాం. క్లాసులో అమ్మకాల అంచనాలు మేం తేల్చేది అలాగే. లైల్ కూడా తలూపాడు.

నలుగురం సగానికి తక్కువే రాశాం. బ్రెంటూ అతని స్నేహితుడూ ఎనభై, తొంభై రాశారు. షెల్బీ కూడి భాగించింది. సరిగ్గా యాభై.

"అంటే వాడికేమీ రాదా?" అన్నాడు లైల్.

"రాదు."

"నలుగురం ఇవ్వాలనే అన్నాం కదే!"

"ముందే ఒప్పుకున్నావు కదరా. లెక్క లెక్కే."

తీర్పు విని, ఆ అంకె ఎలా వచ్చిందని ఎక్‌హార్ట్ గారు అడిగారు. షెల్బీ దాచకుండా చెప్పింది.

"చెల్లదు. ఏ సగటొస్తే దానికి కట్టుబడతామని జ్యూరీ ముందే అనుకోకూడదు. వెళ్లి మళ్లీ మాట్లాడుకోండి" అన్నారావిడ.

"నిజం జ్యూరీలు ఇలా చెయ్యవా మేడమ్?" అన్నాడు లైల్.

ఆమె కళ్లద్దాలు తుడుచుకున్నారు. "చేస్తారేమో. చేస్తే జడ్జికి చెప్పరు."

లైల్ ఫోను తీసుకుని నడవలోకి వెళ్లాడు. తలుపు సగమే పడటంతో మాటలు లోపలికి వినిపించాయి.

"డ్వేన్, వాళ్లిచ్చేది పుచ్చుకో. తక్కువే, తెలుసు. పుచ్చుకో అంటున్నాను కదా."

మళ్లీ జ్యూరీ గదిలో షెల్బీ కొత్త కాగితాలు పంచింది. లైల్‌ది ఒకటి మిగిలింది.