మాట్లాడని పోటీదారు

నాకు ముక్కు మీదే కోపం, ఒప్పుకుంటాను. టీవీ ఆటకు చెక్కముక్కలతో చిక్కులు తయారుచేసేవాడికి ఓర్పు ఉండాలంటారు. ఉన్న ఓర్పంతా చెక్కకే సరిపోతుంది, మనుషుల దాకా మిగలదు.

ఆ రోజు పోటీదారుల ఎంపిక. అది చూసే ఆవిడని అందరం అక్కా అంటాం. తెలివి ఒక్కటే చాలదు, ఆలోచన పైకి మాట్లాడుతూ ఆడాలి, లేకపోతే జనం ఛానెల్ మార్చేస్తారని అక్క వాదన. ఎవరికైనా మూడే అవకాశాలు. దర్జీపని చేసే ఒకావిడ నోరు విప్పకపోవడం వల్లే రెండుసార్లు వెనక్కి వెళ్ళింది. ఇది మూడోది.

తన ముందు పెట్టిన చిక్కును నలభై సెకన్లలో విప్పేసింది. పెదవి కదిపితే ఒట్టు. ఆమె పేరు కొట్టేయడానికి అక్క కలం ఎత్తింది.

ఇంత చురుకైన చేతిని కొట్టేయడమేమిటని నాకు ఒళ్ళు మండింది. ఫైనల్ కోసం రెండు నెలలు కూర్చుని చేసిన పెట్టె తెచ్చి, పదకొండు ముక్కలూ ఆమె ముందు కుమ్మరించాను. అన్నీ సందు లేకుండా అందులో అమరాలి. కిటుకు తెలిసిన నాకే పది నిమిషాలు పడుతుంది.

"మాట్లాడుతూ చెయ్యండమ్మా," అన్నాను.

"చేసేటప్పుడు మాట రాదండీ. అయ్యాక చెప్తాను."

ముక్కలు ముట్టుకోలేదు. పెట్టె మూలలు వేలితో తడిమింది. తర్వాత చెయ్యి కదిలింది. మూడు నిమిషాల్లో మూత పడింది. నేను నోరెళ్ళబెట్టి చూస్తున్నాను.

"చాలీచాలని గుడ్డలో చొక్కా తీయాలంటే ముందు వీపు ముక్క పెట్టనండీ, పెడితే కాలరుకి చోటుండదు. ఎక్కడా ఇమడనిదాన్ని ముందు కూర్చోబెడతాను. మిగతావి సర్దుకుంటాయి."

ఒక్కో ముక్కా తీసి, అరటిపండు ఒలిచినట్టు చెప్పింది. లైట్లు చూసుకునేవాళ్ళు కూడా పని ఆపి చుట్టూ చేరారు. ఇన్నేళ్ళలో నా పని గురించి నాకే అంత బాగా ఎవరూ చెప్పలేదు.

"ముందు ఆడించి, తర్వాత చెప్పించాలన్నమాట. నాకు తట్టనే లేదు," అంది అక్క. వెంటనే నావైపు తిరిగింది. "కానీ ఫైనల్ చిక్కు చూసినవాళ్ళని ఆడించకూడదుగా. నువ్వు చేసిన నిర్వాకం ఇదీ."

కోపంలో ఆ నియమమే మర్చిపోయాను. దర్జీ ఆవిడ వెళ్ళడానికి సంచి తీసుకుంది.

పెట్టె మీద ఎర్రసిరాతో 'రద్దు' అని రాశాను.

"ఇది ఫైనల్లో లేదక్కా. ఇంకోటి చేస్తాను."

"ఫైనల్‌కి ఎనిమిది రోజులేరా ఉంది."

"చాలు."

అక్క ఆమె పేరు పక్కన టిక్కు పెట్టింది. ఇన్నాళ్ళూ చేసిన ప్రతి పెట్టె ఆడేవాళ్ళ మీద గెలవాలని కోరుకునేవాణ్ణి. ఈసారి ఆమె చేతిలో ఓడిపోయే పెట్టె చేయాలనిపించింది.