పూర్తయినవి వేసే బుట్ట

ఎడమ కాలు, మోకాలి కింద ఎనిమిది అంగుళాలు. గుమాస్తా రెండు చూపుడు వేళ్లతో ఆ అంకె కొట్టి, తెర మీద సరిగ్గా పడిందో లేదో కళ్లజోడు పైకెత్తి చూసుకున్నాడు. పిక్క చుట్టుకొలత పదమూడున్నర. అదీ కొట్టాడు. కొలతల చీటీని నాలుగు ముక్కలు చేసి కింద పెట్టిన డబ్బాలో పడేశాడు. కంప్యూటర్లోకి ఎక్కించిన చీటీ బల్ల మీద మిగలకూడదని ఆఫీసు నియమం. ముప్పయ్యొక్క ఏళ్లలో ఆయన తప్పిన నియమం ఒక్కటీ లేదు. కాళ్లూ చేతులూ పోయినవాళ్లకు కొత్తవి చేసిచ్చే ఆ కేంద్రంలో ఆయన్ని అందరూ కాళ్ల గుమాస్తా అంటారు. ఆ పేరుకు ఎవరైనా నవ్వితే ఆయనా నవ్వుతాడు.

మొదట్లో ఇరవై ఏళ్లు అట్ట కార్డుల మీద రాశాడు. పూర్తయిన కార్డును బల్ల మీది తీగ బుట్టలో వేసేవాడు. సాయంత్రం అటెండరు వాటిని రికార్డు గదికి చేర్చేవాడు. తర్వాత వచ్చిన కంప్యూటరు తెర నిండా బొమ్మలే. ఏ బొమ్మ ఎక్కడుందో చోటును బట్టి నొక్కేవాడు, చీకట్లో కూడా ఉప్పు డబ్బా మీదికే చెయ్యి పోయినట్టు. కాకపోతే అది రోజుకు రెండుసార్లు బిగుసుకుపోయేది. కూతురింట్లో ఇంకో రకం కంప్యూటరుంది. దాంట్లో మూసే గుర్తు కుడివైపు కాక ఎడమవైపు ఉంటుంది. ఒకసారి దాన్ని మూయబోయి ఇంకా పెద్దది చేసి, అల్లుడి ముందు తల కొట్టేసినట్టయి, మళ్లీ దాని జోలికి పోలేదు.

నాలుగు నెలల కిందట కాంట్రాక్టు మీద చేరిన కంప్యూటరమ్మాయి పాత సిస్టమ్ తీసేసి కొత్తది ఎక్కించింది. సామాన్యులకు అలవాటైందే సులువు కదా అని సూపరింటెండెంటు గొణిగాడు. అలవాటు వేరు, సులువు వేరు అని ఆ పిల్ల వాదించింది. సామాన్యుడు అనవలసి వచ్చినప్పుడల్లా ఇద్దరూ గుమాస్తా వైపే చెయ్యి చూపించారు. ఆ తర్వాత ఆమె స్టూలు లాక్కుని పక్కన కూర్చుని గంటసేపు అన్నీ చూపించి, అర్థమైందా బాబాయ్ గారూ అని అడిగింది. ఆయన గంగిరెద్దులా తల ఊపాడు.

బళ్లో లెక్కల మాస్టారి ముందు మొదలైన ఊపుడు అది. "మీరు అంత గట్టిగా ఊపారంటే ఒక్క ముక్కా ఎక్కలేదన్నమాట," అంటుంది భార్య. ఆఫీసులో ఆ గుట్టు తెలిసినవాళ్లు లేరు.

కొత్త తెర ఊడ్చిన వసారాలా బోసిగా ఉంది. ఒక మూల చిన్న బుట్ట మాత్రం కనిపించింది. దాన్ని చూడగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ఆ రోజు నుంచి పూర్తయిన కొలతలన్నీ శ్రద్ధగా అందులోకి లాగి వేశాడు. మర్నాడు తెరిచి చూస్తే వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఎంత కొత్తదైనా ఆఫీసు మర్యాద తెలిసినదే అనుకున్నాడు.

ఇవాళ పదకొండింటికి కాలు పోయిన దర్జీ ఒకాయన వచ్చాడు. మూడు నెలల కిందట, కొత్త సిస్టమ్ వచ్చాక మొదట కొలతలిచ్చిన మనిషి, చంకకర్రల మీద రెండు బస్సులు మారి వచ్చాడు. కాలు మొదలుపెట్టడానికి కొలత కావాలని వర్క్‌షాపు నుంచి కబురొచ్చింది. గుమాస్తా బుట్ట తెరిచాడు. ఈ నెలవి తప్ప ఏమీ లేవు. మళ్లీ తెరిచాడు. కంప్యూటరమ్మాయిని కేకేశాడు. ఆమె వచ్చి పక్కన నిలబడి తెర వైపు చూసింది.

"వీటిని మీరే ఇందులో వేశారా?"

"పూర్తయినవి కదమ్మా."

ఆమె గొంతు తగ్గించింది. "ఇది చెత్తబుట్ట, బాబాయ్ గారూ. ఇందులో వేసినవి ముప్పై రోజులకు వాటంతటవే పోతాయి. అలా పెట్టింది నేనే."

పోయినవి అరవై నాలుగు. అరవై నలుగురూ కర్రల మీద మళ్లీ రావాలి. లెక్క తేలేసరికి సూపరింటెండెంటు వచ్చి నిలబడ్డాడు. ఈ మాయదారి సిస్టమ్ వద్దని మొదటే చెప్పానని అందరికీ వినబడేలా అన్నాడు.

"నా పొరపాటే సార్. నేనే సరిగ్గా అమర్చలేదు," అందామె.

నోరు తెరవవలసిన సమయం అదేనని గుమాస్తాకు తెలుసు. సొరుగులోంచి గుడ్డముక్క తీశాడు. సాయంత్రంతో ఆమె పని సరి అని సూపరింటెండెంటు తేల్చేశాక కూడా ఆయన కీబోర్డు మీది దుమ్మే తుడుస్తూ కూర్చున్నాడు.

దర్జీని మళ్లీ కొలిచారు. ఆయన ప్యాంటు మడిచి బెంచీ మీద కూర్చుని, ఊళ్లోవాళ్లందరినీ తాను కొలిస్తే, తనను రెండేసిసార్లు కొలిచే ఆసాములు ఇన్నాళ్లకు దొరికారని నవ్వాడు. తిట్టినా బాగుండేదనిపించింది గుమాస్తాకు. భోజనం డబ్బా తెరవలేకపోయాడు. తన కూతురికంటే చిన్న పిల్ల తన తప్పును నెత్తిన వేసుకుంటే, తాను గుడ్డముక్కతో దుమ్ము తుడిచాడు.

నాలుగింటికి లేచాడు. చెప్పాల్సిన మాటలు వరండా పొడుగునా వల్లె వేసుకుంటూ సూపరింటెండెంటు గదిలోకి వెళ్లాడు.

"రండి, మీ గురించే అనుకుంటున్నాను," అన్నాడాయన. "రేపు పొద్దున్నే అంతా చెరిపేసి మీ పాతదే పెట్టిస్తాను. మీలాంటివాళ్లను ఎంత ఇబ్బంది పెట్టింది ఆ పిల్ల! ఇంతకీ ఏదో చెప్పబోయారు?"

గుమాస్తా గోడ మీది కేలండరు వైపు చూశాడు. ఇంకో రెండేళ్లలో రిటైరవుతాడు.

"అదే సార్. పాతదే మంచిదని," అన్నాడు. ఆ గొంతు విని తన మీద తనకే అసహ్యం వేసింది.

వెనక్కి వచ్చేసరికి ఆమె కుర్చీ ఖాళీగా ఉంది. అందరికీ చెప్పి వెళ్లిందనీ, ఆయన కోసం కాసేపు చూసిందనీ అటెండరు చెప్పాడు. గుమాస్తా తన సీట్లో కూర్చుని తెర వైపు చూశాడు. మూలన ఉండే బుట్ట లేదు. ఆయన పొరపాటున కూడా వేయడానికి వీల్లేకుండా ఆమె తీసేసింది. ఆ చోట పసుపుపచ్చ ఫోల్డరు ఒకటి ఉంది. తెరిస్తే ఈ నెల కొలతలన్నీ, దర్జీవి కూడా, వరసగా కనిపించాయి. మూసి, దాని కింద కళ్లజోడు లేకుండానే కంటికి ఆనేటంత పెద్ద అక్షరాల్లో ఆమె రాసిన పేరు చదివాడు: "బాబాయ్ గారు పూర్తి చేసినవి."