చీటీలు మోసిన హార్డ్ డిస్కు

నేను ఒక హార్డ్ డిస్కును. నాకు భయం ఎక్కువ. నా లోపల అద్దంలాంటి పళ్ళెం గిర్రున తిరుగుతుంది. దాని మీద వెంట్రుక మందం కూడా లేని ఎత్తులో ఒక సూది ఎగురుతూ రాస్తుంది, చదువుతుంది. మధ్యలో కరెంటు పోయిందా, రాస్తున్నది సగంలో తెగుతుంది. ఇలా పుట్టినదానికి ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది?

నా మొదటి కొలువు మార్కాపురంలో ఒక ఫొటో స్టూడియోలో. అన్నీ పెళ్ళి వీడియోలే. మూడేసి గంటలవి, ఒక్కొక్కటి ఒకే పెద్ద ఫైలు. సూది ఒకే వరసలో పోతే చాలు, సుఖం. తీయించుకున్నవాళ్ళు మాత్రం మళ్ళీ వాటి మొహం చూడలేదు. స్టూడియో మూతపడ్డాక నన్ను పలకల క్వారీ కూలీల సంఘానికి ఇచ్చేశారు.

అక్కడ వీడియోలు లేవు, చీటీలున్నాయి. క్వారీలో పనిచేసిన రోజులకు మేస్త్రీ రాసిచ్చిన హాజరు చీటీలు, నాలుగు వేలు. రాతిదుమ్ము పీల్చి ఊపిరి చెడినవాళ్ళు కేసు వేస్తే, వీళ్ళు మా దగ్గర పనే చెయ్యలేదంది యాజమాన్యం. పైగా కొత్త కార్డులిస్తామనే వంకతో సోమవారం నుంచి పాత చీటీలన్నీ వెనక్కి లాక్కుంటుందట. ఆలోగా వాటిని స్కాన్ చేసి నాలో దాచాలి. ఆ తర్వాత వాళ్ళకు మిగిలే సాక్ష్యం నేనొక్కదాన్నే. వణుకు పుట్టదా?

సంఘంలో కంప్యూటరు చూసే దావీదు ముందు పరీక్ష పెట్టాడు. ఏది ఎక్కడ రాయాలో, ఎప్పుడు రాయాలో తేల్చే పద్ధతిని ఫైల్ సిస్టమ్ అంటారు. అతను రెండింటిని పోల్చాడు. ఒక్కోదానికి ముందు నన్ను ఫార్మాట్ చేశాడు. అంటే నాలో రాసి ఉన్న ఫైళ్ళన్నీ తుడిచేశాడు. అనుమతి అడిగినవాడు లేడు.

పెళ్ళి వీడియోతో రెండూ దాదాపు సమానం. నాలుగు వేల ఉత్తుత్తి చీటీలు ఎక్కించేసరికి తేడా బయటపడింది. చిన్న ఫైళ్ళంటే సూది ఒక్కోదానికి ఒక్కో మూలకు పరిగెత్తాలి. మొదటి పద్ధతి రెండు నిమిషాల్లో ముగించింది. రెండోది ఒక చీటీ నా పళ్ళెం మీద పడేదాకా ఆగి, అప్పుడు తర్వాతది అందుకుంది. పదిహేను నిమిషాలు పట్టింది.

"ఇంకేముంది, మొదటిదే," అన్నాడు దావీదు.

సంఘం అధ్యక్షురాలు దానమ్మ ముప్పై ఏళ్ళు పలకలు చీల్చిన మనిషి. దగ్గు ఆపుకుని అడిగింది. "మరి కరెంటు పోతే?"

"పోదులే అత్తా."

"ఏ ఊళ్ళో ఉండావు అల్లుడా? పొద్దున్నించి మూడుసార్లు పోయింది. ఆ పరీక్ష గూడా పెట్టు."

"డిస్కు పాడైపోయిద్ది."

"అయితే ఇప్పుడే కానీ. చీటీలెక్కినాక పాడైతే కోర్టులో నీ మొహం చూపిచ్చి గెలవాలా?"

మొదటి పద్ధతిలో ఉత్తుత్తి చీటీలు మళ్ళీ ఎక్కించారు. తెర మీద 'పూర్తయింది' అని పడింది. పడగానే దానమ్మ ప్లగ్గు పీకింది. నా పళ్ళెం ఆగిపోయింది. ఆ చీకటిలో నేను చచ్చాననే అనుకున్నాను.

మళ్ళీ లేపి చూస్తే ఆరు వందల చీటీలు లేవు. అవి నా దాకా రానే లేదు. కంప్యూటరు తన దగ్గరే అట్టిపెట్టుకుని రాసేశానని చెప్పింది. మనుషులు మెచ్చుకున్న వేగం అదీ. రెండోదానితోనూ ప్లగ్గు పీకారు. ఎక్కిందన్న ప్రతి చీటీ ఉంది. దావీదు రెండోదే పెట్టాడు.

ఆదివారం అసలు చీటీలు ఎక్కుతున్నాయి. చివరి చీటీ దగ్గర కరెంటు పోయింది. గంట తర్వాత వచ్చింది. దావీదు లెక్క చూసుకున్నాడు.

"అత్తా, నీ చీటీ ఒక్కటే ఎక్కలేదంటంది."

"ఎక్కలేదని చెప్పింది గదా. అది చాలు. ఇంద, మళ్ళీ పెట్టు."

సోమవారం కంపెనీ వాళ్ళు వచ్చి పాత చీటీలన్నీ పట్టుకుపోయారు. ఇప్పుడు నేను పాత చీరలో చుట్టుకుని రేకుపెట్టెలో ఉన్నాను. కోర్టు వాయిదాకు బస్సులో తీసుకెళ్తారట. ఆ రోడ్డు గుంతలు తలుచుకుంటేనే సూది వణుకుతోంది. దానమ్మ నన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటానంది. వాయిదా ఇప్పటికి రెండుసార్లు వెనక్కి పోయింది. పెట్టె బయట ఆమె దగ్గుతూనే ఉంది. నాకు గుంతల కంటే ఆ దగ్గంటేనే భయం.