పారిపోయిన తమ్ముడి పక్షం

“కిడ్నాపా? ఎవర్ని?” అంటూ లారీ బాబాయ్ మంచం మీద సగం లేచాడు.

“కిడ్నాప్ కాదు బాబాయ్, కిడ్నీ. సీరియల్లో తమ్ముడు అన్నకిస్తానన్న కిడ్నీ ఇవ్వకుండా పారిపోయాడు,” అన్నాను. చెవులు రెండూ ఇంజనుకి అప్పగించి రిటైరైన డ్రైవరు. తనకి వినపడదు గనక ఊరందరికీ వినపడేలా మాట్లాడతాడు.

మాది డయాలిసిస్ వార్డు. నాలుగు మంచాలు, నాలుగు యంత్రాలు. మాలో మాకు ఏ చుట్టరికమూ లేదు, రక్తసంబంధమంతా యంత్రాలతోనే. మధ్యాహ్నం సీరియల్ నడిచినంతసేపూ సీరియస్ కేసులం మేమేనన్న సంగతి మరిచిపోతాం.

“ఆస్తి కోసమే. అన్న పోతే ఇల్లంతా వాడిదేగా,” అంది హెడ్మిస్ట్రెస్ గారు, సున్నా మార్కులు వేసేసినట్టు.

“కాదండీ, భయపడ్డాడు,” అన్నాడు నా పక్క మంచం టైలర్ మాస్టారు. బతుకంతా మిషను తొక్కిన మనిషిని ఇప్పుడు మిషను కట్టేసుకుంది. “పారిపోయేటప్పుడు అన్న చెప్పులు వేసుకుపోయాడు, చూళ్ళేదా? ఆస్తి కోసం పోయేవాడైతే తన చెప్పులు వెతుక్కుని మరీ పోతాడు.”

“భయమైతే ముందే చెప్పాలి కదా.”

“భయం ముందే చెప్పి వస్తుందా మేడం?”

మాస్టారు ఆ పాత్రని ఎందుకు వెనకేసుకొస్తున్నాడో నాకొక్కడికే తెలుసు. ఆయన సొంత తమ్ముడూ ఆపరేషన్ నాటి పొద్దున్నే కనపడకుండా పోయాడు. మళ్ళీ మొహం చూపించలేదు. నిన్న ఫోన్ చేసి, “రేపు రానా అన్నయ్యా?” అంటే మాస్టారు రమ్మన్నాడట. ఇవాళ సూదులు గుచ్చుతున్నప్పుడు కూడా మాస్టారి చూపు తలుపు మీదే ఉంది. “వస్తే ఏం మాట్లాడతారు?” అని అడిగితే నీళ్ళు నమిలాడు. మా వార్డులో నీళ్ళు తాగడానికే లెక్క, నమలడానికి లేదు.

ప్రకటనలు రాగానే సౌండ్ తీసేశాను. వాదన మాత్రం ఆగలేదు.

బాబాయ్ గొంతు హారన్‌లా మోగింది. “భయమూ లేదు, గియమూ లేదు. తోడబుట్టినవాణ్ణి చావుకి వదిలేసిన వెధవ. మళ్ళీ ఏ మొహం పెట్టుకుని వస్తాడు? గడప తొక్కితే కాళ్ళు విరగ్గొట్టాలి.”

“అసలు తొక్కనివ్వకూడదు,” అంది హెడ్మిస్ట్రెస్ గారు.

అప్పటికే తలుపు సగం తెరుచుకుని ఉంది. గుమ్మంలో ఒక సన్నటి మనిషి. మాస్టారి ముక్కే, మాస్టారి నుదురే. చేతిలో మడత విప్పని కొత్త దుప్పటి. మా అందరినీ ఒకసారి చూసి, దుప్పటి పక్కనున్న కుర్చీలో పెట్టి వెనక్కి తిరిగాడు.

“ఒరేయ్ చిన్నోడా, నిన్ను కాదురా,” అంటూ మాస్టారు లేవబోయాడు. గొట్టాలు బిగుసుకున్నాయి, యంత్రం కూత పెట్టింది. నర్సు పరిగెత్తుకొచ్చి భుజం పట్టుకుంది.

“ఒక్క నిమిషం విప్పండమ్మా, వాణ్ణి పిలుచుకొస్తాను.”

“రక్తం బయట తిరుగుతోంది మాస్టారూ. ఎలా విప్పను?”

యంత్రాన్ని సర్ది ఆవిడే గేటు దాకా వెళ్ళింది, ఒక్కతే తిరిగొచ్చింది. అతని ఫోన్ స్విచ్చాఫ్.

“ఎవరతను?” అంది హెడ్మిస్ట్రెస్ గారు.

“నా తమ్ముడు మేడం. నాకు కిడ్నీ ఇస్తానని చెప్పి, తీరా భయపడి వెళ్ళిపోయాడు. కిడ్నీ వద్దురా, వచ్చి కాసేపు నా దగ్గర కూర్చో చాలని నేనే రమ్మన్నాను.”

“మనం తిట్టింది సీరియల్లో వాణ్ణి కదయ్యా,” అన్నాడు బాబాయ్. ఆ గొంతు అంత చిన్నగా ఉండగలదని నాకు తెలియదు.

“వాడికెలా తెలుస్తుంది బాబాయ్? టీవీ తలుపు పైన ఉంది,” అన్నాడు మాస్టారు, అందరికీ వినపడేలా. “గుమ్మంలో నిలబడ్డవాడికి అది కనపడదు. వాడి వైపే చూస్తూ తిడుతున్న మన మొహాలే కనపడతాయి.”