పలక చూసి గుచ్చు

పదకొండు గంటల పది నిమిషాలకు ముప్ఫయ్యో పరీక్షా కాల్ కూడా గాలిలో కలిసిపోయింది.

కంట్రోల్ రూమ్ సూపర్‌వైజర్ హెడ్‌ఫోన్ మెడమీదికి దించుకుని నావైపు చూసి తల అడ్డంగా ఊపింది. ఆమె తెర మీద అంబులెన్స్ కోసం వచ్చిన పిలుపు ఎర్రగా వెలుగుతోంది. దగ్గరలో ఉన్న బండి ఏదో వెతికి చెప్పాల్సిన ప్రోగ్రామ్ నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. ముప్ఫై కాల్స్‌లో పది ఇలాగే పోయాయి. ఇవి ఉత్తుత్తి కాల్స్ కాబట్టి సరిపోయింది. సాయంత్రం నాలుగింటికి ఊళ్ళోని నిజం కాల్స్ అన్నీ ఈ కొత్త ఏర్పాటు వైపు మళ్ళబోతున్నాయి.

"మూడింటికల్లా నాకు ఏదో ఒకటి తేల్చి చెప్పండి" అన్నాడు మా మేనేజర్. రెండు చేతులకూ రెండు వాచీలు పెట్టుకుంటాడు కనుక మేమంతా ఆయన్ని గడియారం అంటాం, ఎదురుగా తప్ప. "అప్పటికి మీ డీఎన్ఎస్ దారికి రాకపోతే ఇంతటితో ఆపేస్తాను. ఇంకో ఏడాది దీని ఊసెత్తను. మీరూ వేరే పని చూసుకోవచ్చు."

నా పని పోవడం అటుంచితే, ఆ ఏడాదంతా ఊరు పాత యంత్రం దయమీద బతకాలి. ఎనిమిదేళ్ళ నాటి ఆ యంత్రం ఈ నెలలో రెండుసార్లు నిలిచిపోయింది. రెండోసారి పదకొండు నిమిషాల పాటు ఎవరు పిలిచినా అంబులెన్స్ కదల్లేదు. దాని విడిభాగాలు తయారుచేసేవాళ్ళే లేరు.

అందుకే అది చేసే పనిని ముక్కలు చేసి క్లస్టర్‌లోకి, అంటే జట్టుగా పనిచేసే పన్నెండు యంత్రాల్లోకి, తెచ్చాం. ఒక్కో ముక్క ఒక్కో కంటైనర్‌లో, అంటే యంత్రంలో తనకంటూ ఉన్న ఒక విడి గూటిలో, ఉంటుంది. ఒకచోట చచ్చిన కంటైనర్‌ని క్లస్టర్ ఇంకోచోట పుట్టిస్తుంది. పుట్టిన ప్రతిసారీ దాని చిరునామా మారుతుంది. కాబట్టి చిరునామా పట్టుకుని వెతికితే లాభం లేదు, పేరు పట్టుకుని వెతకాలి. బండిని వెతికే కంటైనర్లు మూడున్నాయి. మూడింటికీ కలిపి ఒకే పేరు పెట్టాను. ఆ పేరు అడిగితే, ఆ క్షణాన బతికున్నవాటి చిరునామాలు క్లస్టర్‌కి చిరునామాల పుస్తకం లాంటి డీఎన్ఎస్ చెబుతుంది. ఆ జవాబు ఐదు సెకన్లే చెల్లుతుంది. తర్వాత మళ్ళీ అడగాల్సిందే.

ఏర్పాటులో లోపం కనబడటం లేదు. అన్నీ ఆపి మళ్ళీ మొదలుపెడితే కాల్స్ చక్కగా వెళ్తున్నాయి. కాసేపటికి ఏదో ఒక కంటైనర్ చోటు మారుతుంది. అప్పటినుంచి మూడింటిలో ఒక కాల్ పోతుంది. డీఎన్ఎస్‌ని నేనే స్వయంగా నలభైసార్లు అడిగి చూశాను. నలభైసార్లూ సరైన చిరునామాలే చెప్పింది. అయినా గడియారం దాన్నే అనుమానిస్తున్నాడు. నిజం చెప్పాలంటే నాకూ నమ్మకం సడలుతోంది.

తల పట్టుకుని ఎదురుగోడ వైపు చూశాను. తెల్లరంగు కింద ఒక నల్లటి చతురస్రం అంచులు ఇంకా కనబడుతున్నాయి. ఎన్ని పూతలు వేసినా ఆ పలక పూర్తిగా మాసిపోలేదు.

ఈ గది నాకు ఈ ఉద్యోగం కన్నా ముందే తెలుసు. అప్పుడిది టెలిఫోన్ ఎక్స్ఛేంజి. మా మేనత్త ఇక్కడ ఆపరేటర్. బడి వదిలాక అమ్మ వచ్చేదాకా నేను అత్త వెనక బల్ల మీద కూర్చుని కాళ్ళూపుకుంటూ చూసేదాన్ని. అప్పట్లో ఎవరూ నంబరు అడిగేవారు కాదు. "డాక్టరు గారిని ఇవ్వండి" అనేవారు, అంతే. ఆయన ఎక్కడున్నదీ చూసుకోవడం అత్త పని. డాక్టరూ, మంత్రసానీ, ఫైర్ స్టేషన్ పెద్దా గడప దాటేముందు ఫోన్ చేసి ఎక్కడికి వెళ్తున్నదీ చెప్పేవారు. అత్త ఆ మాట గోడమీది ఆ పలక మీద సుద్దతో రాసేది. గంట గంటకీ పలకంతా తుడిచేసి, ఒక్కొక్కరినీ మళ్ళీ అడిగి, మళ్ళీ రాసేది. అందులో ఏదీ మారకపోయినా సరే, తుడవాల్సిందే. సుద్దపొడి ఆమె జడ మీద పడి సాయంత్రానికి సగం జుట్టు నెరిసినట్టుండేది. లైను కలపడానికి ఆమె ఇత్తడి ప్లగ్గు రంధ్రంలో గుచ్చితే వచ్చే టక్కుమనే చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

అత్త ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. భోజనానికి రానని చెప్పడానికి మెట్ల దగ్గరికి వెళ్ళి ఫోన్ చేశాను.

"ఆ సంగతి నీ గొంతే చెబుతోంది" అంది. "ఏం పోగొట్టుకున్నావే?"

చెప్పాను. క్లస్టర్ గురించి ఆమెకు కొత్తగా వివరించక్కర్లేదు. మొదటిసారి విన్నరోజే, తన పలకకి కరెంటు పెట్టి కొత్తదని ఊరేగుతున్నారని తీసిపారేసింది.

"పలక తప్పు చెబుతోందా?"

"లేదత్తా. నలభైసార్లు అడిగాను, నలభైసార్లూ సరిగ్గానే చెప్పింది."

"నువ్వు అడిగావు, సరే. గుచ్చేవాళ్ళు అడుగుతున్నారా?"

"అడక్కుండా ఎలా గుచ్చుతారు?"

అత్త మెల్లగా అంది. "నేను గుచ్చాను ఒకరోజు."

ఇన్నేళ్ళలో నాకు చెప్పని కథ అది. ఒక మధ్యాహ్నం రంపపు మిల్లు నుంచి డాక్టరు కోసం ఫోన్ వచ్చిందట. అంతకు ఇరవై నిమిషాల ముందే అత్త ఎవరికో డాక్టరు ఇంటి లైను కలిపింది. ఆయన ఇంట్లోనే ఉన్నాడని బాగా గుర్తు. వెనక్కి తిరిగి పలక చూడలేదు. టక్కున గుచ్చేసింది. ఈలోగా ఆయన బడిలో పిల్లల్ని చూడ్డానికి బయలుదేరాడు, పక్క ఆపరేటర్ ఆ మాట పలక మీద రాసింది కూడా. ఖాళీ ఇంట్లో నాలుగు నిమిషాలు గంట మోగింది. రంపం కింద చెయ్యి పడిన మనిషి బతికాడు గానీ రెండు వేళ్ళు పోయాయి. ఆ తర్వాత దూరపు ఊళ్ళకు ఫోన్ చేసుకోవడానికి వచ్చినప్పుడల్లా అతను మిగిలిన మూడు వేళ్ళతో పుస్తకంలో సంతకం పెట్టి, అత్తకి నమస్కారం పెట్టి వెళ్ళేవాడు.

"అతనికి తెలుసా?"

"ఎవరికీ తెలియదు. నేను చెప్పలేదు."

నేను పరుగులాంటి నడకతో గదిలోకి వచ్చాను. డీఎన్ఎస్‌కి వచ్చే ప్రశ్నలన్నీ ఒక్కొక్క వరుసగా నమోదయ్యేలా చేసి, తెర ముందు కూర్చున్నాను. వరుసలు జలజలా రాలుతున్నాయి. అందులో కాల్స్ అందుకునే ప్రోగ్రామ్ పేరు వెతికాను. ఐదు సెకన్లు, నిమిషం, ఇరవై నిమిషాలు. అది ఒక్కసారి కూడా అడగలేదు.

డీఎన్ఎస్ ఎవరికి చెబుతుంది, అడిగేవాళ్ళే లేకపోతే?

ఆ ప్రోగ్రామ్ పాత యంత్రం నుంచి ఉన్నదున్నట్టు తెచ్చుకున్నది. దాన్ని తెరిచాను. మొదలైనప్పుడు ఒక్కసారి చిరునామా అడిగి, జవాబు ఒక పట్టికలో దాచుకుని, ఇక ఆగిపోయేదాకా అదే వాడుకుంటోంది. కొన్ని క్షణాలు కలిసొస్తాయని ఎవరో చేసిన తెలివైన పని. పాత యంత్రంలో ఏదీ చోటు మారేది కాదు కనుక ఎనిమిదేళ్ళూ బయటపడలేదు. ఆ పని చేయించే కోడ్ వరుస పక్కన తేదీ ఉంది. రాసినవాళ్ళ పొడి అక్షరాలున్నాయి.

అవి నావే.

ఉద్యోగంలో చేరిన మొదటి నెల అది. ఆ వేగం చూసి అప్పటి పెద్దలు వెన్ను తట్టారు. ఆ సాయంత్రం బయటి మెట్ల మీద టీ తాగుతూ ఎంత పొంగిపోయానో గుర్తొచ్చింది.

ఆ వరుస తీసేయడానికి పది నిమిషాలు చాలు. డీఎన్ఎస్‌ని సరిచేశానని చెబితే గడియారం నమ్ముతాడు. ఆయన కోరుకునేదీ ఆ మాటే. రెండు గంటలైంది. మూడు వేళ్ళతో పెట్టిన సంతకం కళ్ళముందు కదిలింది. లేచి వెళ్ళి చెప్పేశాను.

ఆయన అరవలేదు. కుడిచేతి వాచీ చూశాడు, ఎడమచేతి వాచీ చూశాడు.

"మొదటి నెలలో వెన్ను తట్టించుకున్న మనిషి ఆ పని ఒక్కచోటే చేసి ఊరుకుందా?" అన్నాడు. "మొత్తం వెతకండి."

ఆ కోణం నాకు తట్టనేలేదు. సూపర్‌వైజరూ నేనూ చెరో తెర ముందు కూర్చుని వెతికాం. రెండోది రెండూ నలభైకి దొరికింది. బండి ఎక్కిన రోగికి ఏ ఆసుపత్రిలో మంచం ఖాళీగా ఉందో అడిగే చోట అచ్చు అదే పట్టిక. మా ఉత్తుత్తి కాల్స్ బండి దొరకగానే ముగిసిపోతాయి కనుక ఎన్ని వందలు చేసినా అది బయటపడేది కాదు. నిజం మనిషి బండిలో ఉన్నప్పుడే బయటపడేది.

రెండూ తీసేశాను. మూడింటికి గడియారం నా వెనక నిలబడ్డాడు. ఆయన చూస్తుండగానే ఒక కంటైనర్‌ని చంపాను. అది ఇంకో యంత్రం మీద కొత్త చిరునామాతో లేచింది. సూపర్‌వైజర్ ఈసారి ఆసుపత్రి దాకా వెళ్ళేలా అరవై కాల్స్ చేసింది. ఒక్కటీ పోలేదు.

నాలుగింటికి పాత యంత్రం ఆపారు. దాని ఫ్యాను గరగరలాడుతూ నెమ్మదించి ఆగిపోయింది. ఎనిమిదేళ్ళుగా అలవాటైన చప్పుడు పోయేసరికి గది ఒక్కసారిగా పెద్దదైనట్టనిపించింది. రెండు నిమిషాల్లో మొదటి నిజం కాల్ వచ్చింది. బండి కదిలింది.

అత్తకి ఫోన్ చేశాను.

"దొరికింది. వాళ్ళు అడగడం లేదు."

"ఎవరి నిర్వాకం?"

"నాదే."

"చెప్పావా?"

"చెప్పాను. చెప్పబట్టే రెండోది కూడా దొరికింది."

నా తెర మీద డీఎన్ఎస్‌కి వచ్చే ప్రశ్నలు వరుసగా పడుతున్నాయి. కాల్స్ అందుకునే ప్రోగ్రామ్ ఐదు సెకన్లకోసారి ఎక్కడున్నావని అడుగుతోంది, జవాబు తీసుకుంటోంది, మరిచిపోయి మళ్ళీ అడుగుతోంది.

"అన్నం మూతపెట్టి ఉంచాను" అంది అత్త. "ఆ పలక ఇంకా ఉందా గోడ మీద?" అని అడిగింది.

"రంగు కింద ఉంది. అంచులు కనబడుతున్నాయి."

"రేపు నన్నోసారి తీసుకెళ్ళు. దాని ఎదురుగా నిలబడి చెప్పుకోవాల్సింది ఒకటి ఉంది."